ఆకు మోసే బండి సంగతి



ఈసారి ఆకు గురించి కాదు, ఆకు మోసే బండి గురించి రాస్తున్నాను. మన గ్రూపులో గూళ్ల ధర వస్తుంది, చాకీ ఎవరి దగ్గర బాగుందో వస్తుంది, ఊజీ ఈగ ఫొటోలు వస్తాయి. తెల్లారి అయిదింటికి బండి స్టార్టు అవక మేత గంటసేపు లేటైన సంగతి మాత్రం ఎవరూ రాయరు. అది ఎవరి లెక్కలోకీ రాని నష్టం. కానీ ఒకసారి లెక్క వేసి చూడండి.

వంద గుడ్లు మేపితే పంట మొత్తానికి దగ్గర దగ్గర టన్ను ఆకు పడుతుంది. అందులో నూటికి ఎనభై పాళ్ల పైనే పురుగు నాలుగో జ్వరం లేచాక, చివరి ఏడెనిమిది రోజుల్లోనే తినేస్తుంది. అంటే ఎనిమిది క్వింటాళ్లు. బండి మీద ఒక్కో విడతకి యాభై కేజీల మోపు వేసుకున్నా పదహారు సార్లు తోటకీ షెడ్డుకీ తిరగాలి. కొమ్మలతో మేపేవాళ్లకి ఇంకా బరువు, ఇంకా తిరుగుడు. తోట ఇంటి వెనకే ఉన్నవాళ్లు నెత్తిమీద మోసుకోగలరు. రెండు మూడు కిలోమీటర్లు ఉన్నవాళ్లకి ఆ వారం రోజులూ బండే కాళ్లు.

ఆకు ఒక్కటే కాదు. రెండో జ్వరం లేచిన చాకీ పురుగుల్ని చల్లటి వేళలో తెచ్చుకోవాలి. ఏడింటికి ఇంటికి చేరాల్సిన బండి హైవే పక్కన పది గంటల ఎండలో ఆగిపోతే ఆ తట్టల గతి ఏమిటి? గూళ్లూ అంతే. విప్పిన తరవాత బేగి మార్కెట్టుకి చేరాలి. చిలక పొడుచుకొస్తే ఆ గూడు తీతకి పనికిరాదు.

మాది బరంపురానికి దక్షిణాన, చికిటి వైపు. ఇచ్ఛాపురం వచ్చిందంటే ఆంధ్రా. మల్బరీ తోటలు మా వైపు తక్కువ. హిందూపురం వైపు రైతుకి గూళ్ల మార్కెట్టు పక్కనే ఉంటుంది గానీ మాకు ఏది కావాలన్నా దూరం. చీరల పేరు మాత్రం మా బరంపురానికి ఉంది. దేవాంగులు, ఇక్కడ వాళ్లని దేరాలంటారు, మన తెలుగువాళ్లే, తరాలుగా బరంపురం పట్టు నేస్తున్నారు. వాళ్ల మగ్గాల మీదకి దారం ఎక్కువగా బెంగళూరు నుంచి వస్తుంది. ఆ కథ ఇంకోసారి రాస్తాను.

ఇంకో సంగతి గంజాం వాళ్లకి బాగా తెలుసు. ఊళ్లో పనిమంతుడైన కుర్రాడు కనబడ్డాడంటే వచ్చే ఏడాదికి సూరత్‌లో ఉంటాడు. మరమగ్గాల పనికి మా జిల్లా నుంచి పోయినన్ని కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మెకానిక్ పని నేర్చినవాళ్లూ పోతారు. మా జంక్షన్‌లో నాలుగేళ్లలో ముగ్గురు మిస్త్రీలు మారారు. ఒకడికి మన బండి అలవాటయ్యేసరికి షాపుకి తాళం పడుతుంది. ఇంటి దగ్గర మిగిలేది మనలాంటి నలభై దాటినవాళ్లం, ఆడవాళ్లు, బడికెళ్లే పిల్లలు. బండి పని మనకి వచ్చి తీరాలన్నది ఇందుకే.

నాకు ఈ పని వచ్చింది 2020 లో. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మిస్త్రీ షాపు మూత, స్పేర్ పార్టుల షాపు మూత. మే నెలలో సూరత్ నుంచి మనవాళ్లు వేలల్లో తిరిగొచ్చారు. మా అన్న కొడుకూ వచ్చాడు. బడిలో క్వారంటీను ముగించుకుని ఇంటికి వచ్చిన రెండో రోజే నా బండి తోలి చూసి దిగాడు.

"చిన్నాన్నా, చైను ఏటో కూస్తంది, విన్నావా?"

"షాపు తెరిచాక మిస్త్రీకి చూపిద్దాంలేరా."

"తెరిచేదాకా నీ పురుగు మేత మానేసి కూకుంటాదేటి?"

నాలుగేళ్లు మరమగ్గం నడిపిన చెయ్యి వాడిది. బోల్టు పట్టుకుంటే బిగువు ఎంతో వేళ్లకి తెలిసిపోతుంది. వాడున్న నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆ తరవాత పుస్తకం చూసి, మిస్త్రీల దగ్గర కూర్చుని తెలుసుకున్నదీ కొంత ఉంది. వాడు మళ్లీ సూరత్ వెళ్లిపోయాడు.

ముందు వేళ సంగతి. బండి పని పంట ఖాళీలోనే చెయ్యండి. గూళ్లు అమ్మేసి, షెడ్డు కడిగి, మందు కొట్టి, మళ్లీ చాకీ వచ్చేదాకా కొన్ని రోజులు దొరుకుతాయి కదా, అందులో ఒక పూట బండికి ఇవ్వండి. ఏడాదికి అయిదు పంటలు తీసేవాళ్లకి అయిదు పూటలు. నాలుగో జ్వరం లేచాక మాత్రం పానా ముట్టుకోవద్దు. కొత్తగా నేర్చుకునేవాడు రాత్రి ఎనిమిదింటికి ఏదో విప్పుతాడు, చిన్న స్ప్రింగు ఎక్కడో ఎగిరి పడుతుంది, తెల్లారి మేతకి బండి ఉండదు. చాకీ తేవడానికి వెళ్లే ముందు రోజు కూడా కొత్త పని మొదలెట్టకండి. గాలి, బ్రేకు, పెట్రోలు చూసుకుంటే చాలు.

షెడ్డుకి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టే రోజు బండి షెడ్డులో గానీ చూరు కింద గానీ ఉంచకండి. బ్లీచింగు ఇనుముని తింటుంది. మన స్ప్రేయరు నాజిల్ ఎంత తొందరగా పోతుందో చూస్తూనే ఉన్నాం. చువ్వల మీద, చైను మీద ఆ తుంపర పడితే మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మా వైపు అసలే గోపాల్‌పూర్ సముద్రపు గాలి, ఉప్పు తేమ. చువ్వలకి నూనె గుడ్డతో ఒక తుడుపు తుడవడం మాకు అలవాటు. ఆ నూనె బ్రేకు డ్రమ్ము లోపలికీ టైరు మీదకీ పోకూడదు.

సామాన్లకి పెద్ద ఖర్చు లేదు. బండితో పాటు వచ్చిన పానాల సంచి సీటు కింద ఉందో లేదో చూడండి. పాత బండి కొన్నవాళ్లకి చాలామందికి అది ఉండదు. రింగు పానాలు ఒక వరస, ప్లగ్గు పానా, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, పాత పళ్ల బ్రష్షు, గుడ్డ పీలికలు, నూనె పట్టడానికి ఒక వెడల్పు తట్ట. ఈ తట్ట పురుగుల తట్ట కాకూడదు. అన్నిటికంటే ముందు కావలసింది మీ బండి పుస్తకం. అది పోయి ఉంటే కంపెనీ వాళ్లవి ఫోన్లోనే దొరుకుతాయి, మీ బండి మోడలూ సంవత్సరమూ చూసి దించుకోండి. నేను ఇక్కడ చెప్పే అంకె ఏదైనా మీ పుస్తకంలోని అంకెతో పోల్చుకున్నాకే వాడండి.

మొదటి పూట ఏమీ విప్పకండి. కడగండి, తుడవండి, చూడండి. పని వచ్చినవాడికీ రానివాడికీ తేడా సగం ఇక్కడే. ఎక్కడ నూనె కారుతోంది, ఏ బోల్టు వదులు, ఏ తీగ పోగులు తెగింది, టైరు ఎక్కడ అరిగింది అన్నీ కడిగేటప్పుడే కనబడతాయి. తట్టలో వేల పురుగుల మధ్య మేత ముట్టని పురుగుని దూరం నుంచే పట్టే కళ్లు మనవి. బండి మీద ఒక గంట పెడితే అవే కళ్లు అక్కడా పనిచేస్తాయి.

గాలి గురించి ఒక మాట. మా వంద సీసీ బండి పుస్తకంలో ముందు టైరుకి 25, వెనక టైరుకి ఒక్కడే తోలితే 28, వెనక మనిషి కూర్చుంటే నలభై దగ్గర రాసి ఉంది. మోపు మనిషి కాదు కదా అని చాలామంది 28 తోనే ఆకు మోస్తారు. యాభై కేజీల తడి గోనె అంటే మనిషితో సమానమే. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి పగులుతాయి, ట్యూబు జరిగి వాల్వు దగ్గర చిరుగుతుంది. చివరి వారం మొదలయ్యే ముందు బంకులో వెనక గాలి పెంచుకోండి, పంట అయ్యాక తగ్గించుకోండి. బంకులో అది మామూలుగా ఉచితమే. పంక్చరు మాత్రం నేను షాపులోనే వేయిస్తాను. నేర్చుకోలేక కాదు, టైరు ఊడదీసి ఎక్కించే తంటా ఆ డబ్బుకి తగదని.

బండి స్టార్టు అవకపోతే ఏం చూడాలి? పురుగు మేత మానేస్తే మనం వెంటనే జబ్బు అనుకోం. జ్వరానికి వెళుతోందా, ఆకు తడిగా ఉందా, గదిలో వేడి ఎక్కువైందా అని ముందు తేలికవి చూస్తాం. ఇక్కడా అంతే. ఎర్ర స్విచ్చు ఆఫ్‌లో ఉందేమో చూడండి. పిల్లలు నొక్కేసి పోతారు. పెట్రోలు కాక్ మూసి ఉందేమో, రిజర్వులోకి తిప్పాలేమో చూడండి. ఇవి అయ్యాకే ప్లగ్గు.

ఇంజను చల్లారాక ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ఊది, అప్పుడు ప్లగ్గు పానాతో విప్పండి. ముందు విప్పి తరవాత ఊదితే ఆ ఇసక సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు కొన చూడండి. పురుగు చర్మం చూసి ఒంట్లో ఏముందో చెప్పినట్టే ఇంజను సంగతి అక్కడ తెలుస్తుంది. లేత ఇటుక రంగు, గోధుమ రంగు ఉంటే ఆరోగ్యం. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంజను అతిగా వేడెక్కుతోంది. నల్లగా జిడ్డుగా నూనె కారుతుంటే లోపల రింగులు అరిగాయేమో, అది మిస్త్రీ పని. పెట్రోలుతో తడిసి వాసనేస్తుంటే మీరు చోక్ లాగి ఎక్కువ కిక్కులు కొట్టారని అర్థం. తుడిచి, ఆరనిచ్చి, చోక్ మూసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టి నాలుగు కిక్కులు కొడితే అందుకుంటుంది.

మెరుపు వస్తోందో లేదో చూడడానికి ప్లగ్గుని దాని క్యాప్‌లో పెట్టి, ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి, వేరేవాళ్లని కిక్కు కొట్టమంటాం. నీలం మెరుపు టిక్కుమని రావాలి. ఇది చేసేటప్పుడు ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా ఆనించండి. అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, అంటుకుంటుంది. బీడీ కాల్చేవాళ్లు ఆ పూట బీడీ పక్కన పెట్టాలి. ప్లగ్గు తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగనిదాన్ని పానాతో తిప్పారంటే మరలు కొరికేస్తుంది, ఆ ఖర్చు పెద్దది.

ఎయిర్ ఫిల్టర్‌లో రకాలున్నాయి. స్పంజిది అయితే కిరోసిన్‌లో కడిగి, పిండి, కాస్త ఇంజనాయిల్ పట్టించి మళ్లీ పిండి పెట్టొచ్చు. పొడి కాగితపుదాన్ని తట్టి దుమ్ము దులపాలి, కడగకూడదు. నూనె పట్టించి వచ్చిన కాగితం రకం కొన్ని కొత్త బండ్లలో ఉంది, దాన్ని దులపనూ కూడదు, కడగనూ కూడదు, గడువుకి మార్చడమే. మీది ఏదో పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు చైను. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, వేళ్ల సంగతి ఇది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, గేరు న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మాత్రమే చైను తుడవాలి. ఇంజను నడుస్తుంటే చైను దానంతటదే తిరుగుతుంది, గుడ్డ పట్టుకుంటే చాలు అని చేసేవాళ్లని చూస్తూంటాం. గుడ్డని చైను లాక్కుంటుంది, గుడ్డతో పాటు వేలు పళ్ల చక్రంలోకి పోతుంది. చెయ్యి తీసుకునే టైము ఉండదు.

కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరాక 90 నంబరు గేరాయిల్ చుక్కలుగా లోపలి వైపు వేసి, చక్రం నాలుగు చుట్లు తిప్పి, కారేదాన్ని తుడిచేయండి. వదులు చూడడం ఎలాగంటే, కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించాలి. మా బండికి ఆ ఆట అంగుళం దగ్గర ఉండాలి. చైను కవరు నిండా మూసి ఉన్న బండ్లకి కింద రబ్బరు మూత ఒకటి ఉంటుంది, అది తీసి అందులోంచి చూడాలి. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. చైను అన్ని చోట్లా ఒకేలా సాగదు. ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ కొలత తీసుకోవాలి.

ఎక్కువ వదులుంటే వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న అడ్జస్టర్లని సమానంగా తిప్పాలి. రెండు పక్కలా గీతలుంటాయి, ఎడమ ఎన్నో గీత మీదుంటే కుడీ అన్నో గీత మీదుండాలి. లేకపోతే చక్రం ఒరిగి పరిగెడుతుంది. నట్టు గట్టిగా బిగించి, పిన్ను ఉంటే పిన్ను పెట్టి, అప్పుడు వెనక బ్రేకు మళ్లీ చూసుకోవాలి. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు ఆటా మారిపోతుంది. ఇది చాలామందికి తట్టదు. చైను బిగించుకుని హుషారుగా తోలుకుపోయి మలుపులో బ్రేకు చూసుకుంటారు.

డ్రమ్ము బ్రేకు బిగించడం తేలికే, రాడ్డు చివర నట్టు చేత్తో తిరుగుతుంది. పెడలు కాస్త నొక్కాక పట్టుకోవాలి, నొక్కకముందే చక్రం రాసుకోకూడదు. డ్రమ్ము మూత మీద చాలా బండ్లకి చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ముల్లు ఆ గుర్తుకి చేరిందంటే లోపల బ్రేకు షూ అయిపోయినట్టే, ఇక నట్టు బిగించి లాభం లేదు. షూ మార్చడం మొదటి రెండు సార్లు మిస్త్రీ పక్కన కూర్చుని చూడండి. డిస్కు బ్రేకు నూనె జోలికి నేను పోను.

ఇంజనాయిల్ మార్చడం మూడో పంట ఖాళీకి పెట్టుకోండి. అప్పటికి పానా చేతికి అలవాటవుతుంది. బండి అయిదు నిమిషాలు నడిపి ఆపితే నూనె పలచబడి అడుగు మడ్డితో సహా దిగుతుంది. మరీ కాగిపోతే చెయ్యి కాలుతుంది, సైలెన్సరూ కాలుతుంది. సెంటర్ స్టాండ్ మీద చదునుగా నిలబెట్టి, కింద తట్ట పెట్టి, అడుగు బోల్టు విప్పాలి. బోల్టుతో పాటు వచ్చే వాచర్ నూనెలో పడిపోతుంది, వెతికి తియ్యండి. నలిగి ఉంటే కొత్తది వెయ్యాలి. బోల్టు ఇనుము, అది ఎక్కే చోటు అల్యూమినియం. పశువుని కట్టేసినట్టు బలమంతా పెట్టి బిగిస్తే మరలు ఊడిపోతాయి. చేత్తో ఆనేదాకా తిప్పి, చిన్న పానాతో ఒక మోస్తరుగా బిగించండి.

వంద సీసీ బండికి లీటరు లోపే పడుతుంది. 900 మి.లీ. డబ్బాలు అమ్మేది అందుకే. డబ్బా అంతా ఒకేసారి వంపకుండా కొంచెం మిగిల్చి, కొలత పుల్ల చూస్తూ పొయ్యండి. ఆ పుల్లని కొన్ని బండ్లకి మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, తిప్పి చూస్తే తప్పు కొలత వస్తుంది. రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటకూడదు. డబ్బా మీద జాసో ఎం.ఏ. అన్న గుర్తు చూసి కొనండి. మన బండికి క్లచ్ ప్లేట్లు కూడా అదే నూనెలో మునిగి ఉంటాయి. ట్రాక్టరుకో కారుకో తెచ్చిన నూనె మిగిలిందని ఇందులో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. మోపుతో గట్టు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు.

తీసిన పాత నూనె గట్టు మీద పారబోయకండి. కంచె కర్రలకి చెదల మందని పూసేవాళ్లున్నారు. మల్బరీ గట్టు దగ్గర ఆ పని వద్దు. డబ్బాలో పోసి మూత పెట్టి మిస్త్రీ షాపుకి ఇచ్చేస్తే వాళ్ల దగ్గర నుంచి కొనుక్కుపోయేవాళ్లుంటారు.

ఇక్కడ మనకి మాత్రమే పట్టే సంగతి ఒకటి చెప్పాలి. కిరాణా షాపాయనకి బండి నూనె చేతికంటితే సబ్బుతో సరి. మనం ఆ చేత్తో ఆకు ముట్టుకుంటాం. బండి పని చేసిన చొక్కా, లుంగీ షెడ్డులోకి రాకూడదు. చేతులు గోళ్ల సందులతో సహా కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడు మేతకి వెళ్లాలి. పెట్రోలు సీసా, గ్రీజు డబ్బా, పాత గుడ్డలు షెడ్డులో పెట్టొద్దు. అన్నిటికంటే భయం వరి మందు. మా గంజాంలో చుట్టూ వరే. అదే బండి, అదే క్యారియరు మీద ఇవాళ పురుగుమందు సీసా తెచ్చి రేపు ఆకు మోపు కడితే, మూత దగ్గర కారిన నాలుగు చుక్కలు చాలు, తట్టలకి తట్టలు తలలు వాల్చేస్తాయి. పురుగుమందు వేరే బండి మీద తెప్పించుకోండి. తప్పదంటే మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తేవాలి. తెచ్చాక క్యారియరు సబ్బుతో కడగాలి. ఆకు గోనె కింద వేసే పట్టా ఆకుకే ఉంచుకోండి.

కొత్త బండ్లవాళ్లు అడుగుతారని చెబుతున్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 వచ్చింది. ఆ తరవాతి బండ్లు ఎక్కువ భాగం కార్బొరేటరు లేనివి, పెట్రోలుని కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. వాటికీ చైను, గాలి, బ్రేకు, నూనె, ప్లగ్గు మనమే చూసుకోవచ్చు. పెట్రోలు వైపు మాత్రం వేలు పెట్టొద్దు. మీటరులో ఇంజను గుర్తు దీపం ఆరకుండా వెలుగుతుంటే కంపెనీ షాపుకే. ట్యాంకు ఎండబెట్టి తోలే అలవాటు వీటికి పనికిరాదు, పంపు ట్యాంకులోనే పెట్రోల్లో మునిగి చల్లబడుతుంది.

బ్యాటరీ మీద తెల్ల పొడి పడితే ముందు మైనస్ తీగ విప్పి, తరవాత ప్లస్ విప్పి, గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టి, వాజిలైను రాసి బిగించండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. అంతే.

నేర్చుకునే చోటు కావాలంటే ఖాళీగా ఉన్న మధ్యాహ్నం మిస్త్రీ దగ్గర కూర్చోండి. టీ మీరు చెప్పండి. పని తగ్గిపోతుందని మిస్త్రీ అనుకోడు. తుడిచి ఉంచిన బండి వస్తే ఆయనకే సుఖం. మా మిస్త్రీకి ఒడియా, నాకు తెలుగు, ఇద్దరికీ పానా భాష ఒకటే. బరంపురం వెళ్లినప్పుడు వీలుంటే ప్రభుత్వ ఐటిఐలో తుక్కు ఇనుముతో, పాత యంత్ర భాగాలతో చేసి నిలబెట్టిన బొమ్మలు చూడండి. పిల్లలకి బొమ్మ కనబడుతుంది, మనకి గేరు పళ్లు కనబడతాయి.

చివరగా తుపాను సంగతి. 2013 లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే. మన పురుగుకి మంచి చలి కాలం మొదలయ్యే రోజులవి. తుపాను కబురు రాగానే బండిని ఎత్తు మీదకి, చెట్టు కింద కాకుండా, గోడ వారకి చేర్చి తాడు కట్టండి. ట్యాంకు నింపుకోండి. కరెంటు పోతే బంకులో పెట్రోలు రాదు. పైగా ఖాళీ ట్యాంకులో తేమ చేరుతుంది. ఇప్పుడు పెట్రోల్లో ఎథనాల్ కలుస్తోంది, నీరు ఎక్కువైతే అది నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. సైలెన్సరు మూతికి ప్లాస్టిక్ కవరు కట్టండి, తీసేటప్పుడు మరిచిపోకుండా హ్యాండిలుకి ఒక గుడ్డ ముడి వెయ్యండి.

అయినా బండి మునిగిందనుకోండి. సెల్ఫు నొక్కొద్దు, కిక్కు కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టను నీటిని నొక్కలేదు, లోపలి కడ్డీ వంగిపోతుంది. బ్యాటరీ మైనస్ విప్పేసి, ప్లగ్గు తీసేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, కిక్కరుని చేత్తో నెమ్మదిగా నొక్కితే ఆ రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముకుంటూ వస్తాయి. ఫిల్టరు డబ్బా విప్పి నీళ్లు వంపండి. కార్బొరేటరు బండి అయితే దాని అడుగు స్క్రూ వదులు చేసి లోపల ఉన్నది ఒక సీసాలోకి దింపండి, నీరుంటే అడుగున వేరుగా కనబడుతుంది. ఇంజనాయిల్ అడుగు బోల్టు విప్పి చూడండి. పాల రోగం వచ్చిన పురుగు ఒంట్లోంచి కారే రసంలా తెల్లగా వస్తే నీరు కలిసినట్టు. అది పూర్తిగా దింపి, కొత్త నూనె పోసి, కొత్త ప్లగ్గు పెట్టి, స్టార్టు చేసి రెండు మూడు నిమిషాలు మాత్రమే నడిపి, మళ్లీ దింపేయండి. రెండోసారి పోసింది కూడా పాల రంగు తిరిగితే మూడోసారి మార్చాలి. అప్పటికీ తిరుగుతుంటే మిస్త్రీకి ఒప్పజెప్పడమే. సముద్రపు నీరైతే అదే రోజు మంచి నీళ్లతో కడగాలి, ఉప్పు ఆగదు. బి.ఎస్.6 బండిని వేరే బండికి కట్టి గానీ ఆటోలో గానీ షాపుకి చేర్చండి.

ఈ లెక్కన ఆ ఒక్క పనికే రెండు మూడు డబ్బాల నూనె, ఒక ప్లగ్గు, ఒక ఫిల్టరు కావాలి. సెప్టెంబరులోనే తెచ్చి, కవరులో చుట్టి, పానాల సంచితో పాటు అటక మీద పెట్టుకోండి. తుపాను మర్నాడు బరంపురంలో ఏ షాపు తెరిచి ఉంటుందో చెప్పలేం.